నడుముకు వేలాడిన జీపీఎస్

నేను ఒక జీపీఎస్ యంత్రాన్ని. అరచేతిలో ఇమిడిపోతాను గానీ, ఆకాశం కనపడితే తప్ప నోరు విప్పలేను. పైన తిరిగే ఉపగ్రహాల్లో కనీసం నాలుగు నాకు అందాలి. అప్పుడు మీరు ఎక్కడ నిలబడ్డారో మూడు మీటర్ల తేడాలో చెప్పేస్తాను. అలాంటి నా నెత్తిన అడ్డం పెట్టి, నా చేత అబద్ధం చెప్పించి, ఆ అబద్ధానికి నా పేరే పెట్టారు. తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది. ఈ కథ నిదానంగా చెప్పడం నా వల్ల కాదు.

పుట్టింది సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో. అక్కడ నన్ను నీళ్ళలో ముంచారు, బల్ల మీంచి కిందికి విసిరారు, మంచులో పెట్టారు, మాడే ఎండలో పెట్టారు. అన్నీ ఓర్చుకున్నాను. ఆఫీసులో పెట్టి చూడాలని మాత్రం వాళ్ళకు తోచలేదు.

చివరికి గోదావరి ఏజెన్సీలో ఒక ఆఫీసుకు వచ్చి పడ్డాను. ఆ ఆఫీసు పేరు చెప్పను, చెబితే నా నోరే పాడవుతుంది. అడవిలో పోడు చేసుకునే గిరిజనులకు పట్టాలివ్వడానికి వాళ్ళ చేల చుట్టూ తిరిగి కొలవడం నా పని. నాతోపాటు ఏమేం కొనుక్కోవచ్చో షాపువాడు జాబితా పంపాడు. భుజం పట్టీకి తగిలించే క్లిప్పు, పొడవాటి కర్ర చివర బిగించే స్టాండు, జీపు అద్దానికి అతుక్కునే స్టాండు, మూత ఉన్న తోలు సంచి. ఏది కావాలో తేల్చింది హెడ్ క్లర్కు కామేశం గారు. ఆయన జన్మలో కొండెక్కి ఎరగరు. జీపు స్టాండుకు ముందే టిక్కు పెట్టారు. అది వచ్చిన రోజునే ఆఫీసరు గారి సెల్‌ఫోను అందులో కొలువుతీరింది. కర్ర స్టాండు బొమ్మ చూసి, జెండా పట్టుకుని ఊరేగుతామా ఏమిటని నవ్వారు. క్లిప్పు జారితే వస్తువు పోతుంది, సమాధానం ఎవరు చెప్పాలన్నారు. ఆఖరికి తోలు సంచి గెలిచింది. బెల్టుకు తగిలించుకోవచ్చు, వాన తగలదు, దొంగ కంట పడదు. నాకు ఆకాశం కూడా కనపడదు. ఆ ముక్క మాత్రం ఏ ఫైల్లోనూ లేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ ఆఫీసులో కుర్చీ మొదలుకొని మంచినీళ్ళ కూజా దాకా ప్రతిదానికీ నెంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉండి తీరాలి. నాకు మేకు కొట్టడం కుదరక సంచి మూత మీద, సరిగ్గా నా నడినెత్తిన పడేట్టు, బెత్తెడు వెడల్పు బిళ్ళ కుట్టించారు. పదిహేడో నెంబరు. సంచిలోంచి తీస్తే వస్తువొకచోటా నెంబరొకచోటా అవుతాయి కాబట్టి కొలిచేటప్పుడు నన్ను బయటికి తీయరాదని మెమో కూడా ఇచ్చారు. కళ్ళకు గంతలు కట్టి దారి చూపించమన్నట్టే ఉంది.

నన్ను మోసుకు తిరిగిన సర్వేయరు దివాకరం చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఇంత బాధ ఉండేది కాదు. మెమో అంటే అతనికి పులి కన్నా భయం.

గుమ్మడిగొందిలో పల్లాల బుల్లెమ్మ అనే కొండరెడ్ల ముసలమ్మ ఉంది. అత్తగారి కాలం నుంచీ ఒకే చేను చేసుకుంటోంది. పైన వాలులో సామలు చల్లుతుంది. కింద వాగు మెలిక తిరిగేచోట చేను పొట్టలా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. అక్కడ తేమ నేల. కందులూ, జీడిమామిడి చెట్లూ అన్నీ ఆ వంపులోనే. పై చెక్క పెట్టేది నాలుగు నెలల తిండి. మిగతా ఏడాది ఆ వంపే ఆమెకు అన్నం పెడుతుంది.

దివాకరం నా బటన్ నొక్కి, సంచిలో తోసి, మూత వేసి గట్టు వెంట నడిచాడు. వాలులో ఎలాగో నెట్టుకొచ్చాను. వాగు ఒడ్డుకు దిగేసరికి పైన చెట్ల గుబురు, ఒక పక్క అతని పొట్ట, నెత్తిన ఇత్తడి బిళ్ళ. ఒక్క ఉపగ్రహమూ అందలేదు. కూ కూ అని మొత్తుకున్నాను, తోలు దాటి వినపడితేగా. వంపంతా నడిచి మళ్ళీ గట్టెక్కాక ఎలాగో ఉపగ్రహాలు అందాయి. దారి తప్పినప్పుడు చివరి చోటునూ కొత్త చోటునూ ఒకే గీతతో కలిపేయడం నా పుట్టుకలో ఉన్న జబ్బు. అదే చేశాను. వంపు మొత్తం ఆ గీతకు అవతల పడింది. రెండెకరాల ఎనభై అయిదు సెంట్లు అని తేల్చాను.

వారం తిరిగాక బడి గోడకు పటాలు అంటించారు. బుల్లెమ్మకు చదువు రాదు. కానీ తన చేను బొమ్మ చూసి గుర్తుపట్టింది, లేనిదేదో కూడా గుర్తుపట్టింది. దివాకరాన్ని చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకొచ్చింది.

"వాగు వంకర తిరిగి పోతంటే నా సేను తిన్నగా ఎట్టా పోద్ది బాబూ?" అంది.

 అతను అడ్డగోలుగా వాదించలేదు, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి. మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చాడు. నన్ను ఆ సంచిలోంచి తీసి తన గంపలో పెట్టమని బుల్లెమ్మ అడిగింది. తను నడిచిన గట్టు తనకు తెలుసనీ, నెత్తిన పెట్టుకుని తిరిగొస్తాననీ చెప్పింది. దివాకరం అటూ ఇటూ చూసి నన్ను బయటికి తీశాడు.

ఏ స్టాండు మీదా నేను అంత హాయిగా లేను. ఆమె మెడ నిటారుగా నిలబెట్టి, బిందె మోసినంత కుదురుగా నడిచింది. చెట్ల కింద కూడా ఆరు ఉపగ్రహాలు అందాయి. వంపు మెలిక మెలికా గీశాను. నాలుగెకరాల పది సెంట్లు.

కామేశం గారు ఆ కొత్త కొలత రాసిన కాగితం చివర పట్టుకుని, బిళ్ళ లేకుండా తీసిన కొలత పదిహేడో నెంబరుదే అనడానికి రుజువేమిటని అడిగారు. దగ్గరుండి తీశానన్నాడు దివాకరం.

"అంటే మెమో మీరి తీశావన్నమాట. ఆ ముక్క రాసి సంతకం పెట్టు, కొలత మారుద్దాం."

దివాకరం రాయలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఒక్క సంతకం. దానికి భయపడి ఒక ముసలమ్మ ఎనిమిది నెలల తిండిని జేబులో కుక్కుకున్న మనిషిని నేను క్షమించను.

పట్టా ఇచ్చేటప్పుడు మాత్రం శాలువా కప్పారు, ఫొటో తీశారు. ఆ తరవాత హద్దురాళ్ళు పాతాలి. రాయి అంగుళం తేడా రాకూడదట, అందుకని ఇప్పుడు కర్ర స్టాండు తెప్పించారు! సంచి తీసేసి నన్ను ఆ కర్ర చివర నిలబెట్టారు. పదకొండు ఉపగ్రహాలు అందాయి. ఆ దొంగ గీత మీద ఒక్కో రాయి ఎక్కడ పాతాలో నా చేతే చెప్పించుకున్నారు.

తొలకరికి బుల్లెమ్మ ఎప్పటిలాగే వంపులో కందులు వేసింది. మొక్క జానెడు లేచేసరికి అడవి ఆక్రమించిందని కేసు పెట్టారు. ఫారెస్టు గార్డు ఆ మొక్కల మధ్య నన్ను ఎత్తి పట్టుకుని కొలిచాడు. హద్దుకు నలభై ఆరు మీటర్లు అవతల అని చూపించాను. ఒక్క అంకె తప్పు లేదు.

విచారణ రోజున నన్ను బల్ల మీద పెట్టారు. యంత్రం సరిగ్గా పనిచేస్తుందా అని అధికారి అడిగితే, చేస్తుందండీ అన్నాడు దివాకరం. బుల్లెమ్మ లేచి నా వైపు చెయ్యి చూపింది.

"ఆ పొద్దు నా నెత్తి మీద తిరిగిందీ ఇదే బాబూ. దీన్నే అడగండి, సెప్పుద్ది."

ఎవరూ అడగలేదు. ఆ రెండో చుట్టు నాలో భద్రంగా ఉంది. నాలుగు బటన్లు నొక్కితే తెర మీదికి వస్తుంది. ఆ బటన్లు ఏవో ఆ గదిలో ఒక్క దివాకరానికే తెలుసు. అతను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.