పిడి మీద చెయ్యి

తూటాలు నింపుతున్నంతసేపూ దేవకుమార్ ఎవరితోనూ మాట్లాడడు. అమెరికాలోని అరోరా ఊళ్ళో ఆ ఇంటికి అది చట్టం. బేస్‌మెంట్‌లో బల్లకు బిగించిన యంత్రం పిడిని ఒకసారి లాగితే ఇత్తడి గొట్టంలో చిటికెడు తుపాకిమందు పడుతుంది. ఆ తర్వాత దాని మూతికి గుండు అమర్చాలి. బజారు తూటాలకి కూతురు దెబోరా రివాల్వర్ మాట వినేది కాదు. అందుకని ఆ చలికాలమంతా మందు రవ్వంత తగ్గించి, రవ్వంత పెంచి, గురి అట్ట మీద చిల్లులన్నీ ఒకదాన్నొకటి ఆనుకునేదాకా ఆయన పట్టు విడవలేదు. 1984 వసంతంలో జరిగే తుపాకి గురి పోటీలో మొదటి స్థానం వస్తేనే దెబోరాకి రాష్ట్ర జట్టులో చోటు. కాలేజీ పిల్ల, వేరే సరదాలన్నీ మానుకుని దానికోసమే కష్టపడింది.

బాపట్ల నుంచి వచ్చిన అత్తగారికి మాత్రం అల్లుడి చట్టంతో పనిలేదు. ఆవిడ సాయంత్రం ప్రార్థన మొదలుపెడితే పొయ్యి మీద పులుసు మాడినా సరే, ఎక్కడివాళ్ళు అక్కడే తల వంచాలి. పోటీకి ముందురోజు మెట్ల పైనుంచి ఆవిడ గొంతు వినబడగానే దేవకుమార్ పిడి మీద చెయ్యి అలాగే ఉంచి కళ్ళు మూసుకున్నాడు. బాపట్ల బంధువులందరి మోకాళ్ళ నొప్పులూ పేరుపేరునా దేవుడికి అప్పగించేసరికి చాలాసేపు పట్టింది. ఆమేన్ అని, కళ్ళు తెరిచి, పిడి లాగాడు.

మర్నాడు పోటీలో దెబోరా అందరికంటే ముందుంది. ఆఖరి విడతకి తూటాలు పెట్టుకుని, రివాల్వర్ మీద చెయ్యి ఉంచి, ఒక్క క్షణం తల వంచి కళ్ళు మూసుకుంది. వెనక కుర్చీలో ఉన్న దేవకుమార్‌కి పిడి మీద తన చెయ్యి గుర్తొచ్చింది. నిన్న కళ్ళు మూసుకోకముందే ఆ గొట్టంలో మందు పడిందా? పడ్డాక మళ్ళీ లాగి ఉంటే రెండింతలు. పైకి ఏ తేడా కనబడదు, పేలితే రివాల్వర్ పిల్ల చేతిలోనే బద్దలవుతుంది. ఆ తూటా ఏదో తెలిసే దారి లేదు, అన్నీ ఒకే డబ్బాలో కలిసిపోయాయి. అనుమానం పెనుభూతం అంటారు, నిజమే. కానీ చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? లేచి, ఆపమని రిఫరీకి కేకేశాడు.

"నిన్న లోడ్ చేసినదాంట్లో డౌటుందమ్మా. కాల్చకు."

"ష్యూరా డాడీ?"

"ష్యూర్ కాదు."

దెబోరా తూటాలు బయటికి తీసింది. పక్కనున్నాయన ఇచ్చిన బజారు తూటాలతో కాల్చింది. రివాల్వర్ మాట వినలేదు. జట్టులో చోటు వేరే అమ్మాయికి వెళ్ళింది. తండ్రీ కూతురూ కారులో ఇల్లు చేరారు.

బేస్‌మెంట్‌లోకి దిగి దేవకుమార్ కాల్చకుండా మిగిలిన తూటాలన్నీ ఒక్కొక్కటే విప్పి మందు తూచసాగాడు. కాసేపటికి దెబోరా వచ్చి ఎదురుగా కూర్చుని, తనూ విప్పడం మొదలుపెట్టింది. తూచిన ప్రతిదీ సరిగ్గానే ఉంది. ఆఖరిదీ సరిగ్గానే ఉంది.

ఒక్కటైనా తప్పుగా దొరికితే కూతురి ముందు తలెత్తుకునేవాడు. అలా అనుకున్నాక, కన్నబిడ్డ చేతిలో పేలవలసిన తూటా కోసం తను ఆశగా వెతుకుతున్నాడని తెలిసి ఆయనకి తనమీద తనకే అసహ్యం వేసింది.

"నేనే నిన్ను ఓడగొట్టానమ్మా."

"ఒక్క బ్యాడ్ బుల్లెట్ అన్నా ఉంటే బాగుండేది అనుకున్నావు కదా?"

అబద్ధం నోటికి రాలేదు. "అనుకున్నాను."

"నేను కూడా అనుకున్నా డాడీ," అంది దెబోరా, కళ్ళ నీళ్ళతో.

పైన అత్తగారు ప్రార్థనకి గొంతు సవరించుకున్నారు. దేవకుమార్ మసి అంటిన కూతురి కుడిచెయ్యి అందుకుని, అయిదు వేళ్ళనీ తన రెండు చేతుల్లో పెట్టుకుని తల వంచాడు. ఆవేళ అత్తగారి ప్రార్థన ఎంత పొడుగున్నా ఆయనకి చాలలేదు.