కోటీ చిల్లర పెద్దమనిషి

సాలోంగో కాలుంగి ఎవరినీ లెక్కచెయ్యడు. లెక్కలు రాకపోవడం ఒక కారణం, మాటలు రావడం రెండో కారణం. మసాకా ఊరి చుట్టుపక్కల పెళ్ళిసంబంధం కలుపుకోవడానికి ఎవరు బయల్దేరినా మగపెళ్ళివారి తరఫున మాట్లాడేది ఆయనే. పెళ్ళికొడుకు నోరు విప్పకూడదు, అది ఆచారం. సాలోంగో నోరు మూయకూడదు, అది ఆదాయం.

ఆరోజు పెళ్ళికొడుకు ముగలుల అనే పశువుల డాక్టరు, అతని తరఫున వచ్చాడు. పెళ్ళికూతురు నంక్యా తండ్రి ముబీరు, రిటైరైన లెక్కల మాస్టారు. పందిట్లోకి ఏకంగా నల్లబల్లే మోయించుకొచ్చి, 12345679 అని రాశాడు.

"వీరు మీకంటే ముందొచ్చిన అతిథి. కోటీ ఇరవైమూడు లక్షల చిల్లర. మీ తాతముత్తాతల్ని చెప్పుకున్నట్టే వీరి పుట్టుపూర్వోత్తరాలూ చెప్పండి. ఒక తప్పుకి కోడిపుంజు జరిమానా. రెండో తప్పుకి మీరు తెచ్చిన కానుకల బుట్టలెత్తుకుని దయచెయ్యండి. అమ్మాయి గడప దాటదు."

ముగలుల వెనకనుంచి సాలోంగో చొక్కా లాగాడు. సాలోంగో గొంతు సవరించుకున్నాడు.

"పాపం, అనాథండీ! అమ్మా నాన్నా లేరు."

"పుంజు!" అరిచారు ఆడపెళ్ళివారు.

"ఉన్నారయ్యా," అన్నాడు మాస్టారు. "తండ్రి ముప్పైఏడు. తల్లి మూడులక్షల ముప్పైమూడువేల ఆరువందల అరవైఏడు. హెచ్చవేసుకో. ఆ ఇద్దరే అనాథలు. ఒకటీ, తామూ తప్ప ఏ సంఖ్యా వాళ్ళని నిశ్శేషంగా భాగించదు. ఇప్పుడు వంశం చెప్పు."

సాలోంగో చెమటలు తుడుచుకుంటుంటే ఆడపెళ్ళివారి కుర్రకారు వేయించిన మిడతల పళ్ళెం ముక్కు కిందకి తోశారు. "తిను బాబాయ్, బుర్ర పదునెక్కుతుంది!"

"చాల్లేరా! మాది మిడతల వంశమని తెలిసే కదా ఈ వేళాకోళం? మా వంశం మిడతని ముట్టదు..." అంటూ ఆగిపోయాడు. బల్లవైపు చూశాడు. ఒకటి నుంచి తొమ్మిది దాకా అందరూ వరసగా కూర్చున్నారు, ఒక్కరు తప్ప.

"మాస్టారూ! వీరిది ఎనిమిది వంశం! అన్నిటినీ తిన్నారు, ఎనిమిదిని మాత్రం ముట్టలేదు!"

పందిరి గొల్లుమంది. మాస్టారు కళ్ళు మెరిశాయి గానీ వదల్లేదు. రెండుతో హెచ్చవేశాడు. 24691358.

"ఎనిమిది తినేశాడే! ఏమైందయ్యా నిష్ఠ?"

సాలోంగో వేలు పెట్టి వెతికాడు. "ఏడు మానేశాడు కదండీ! ఏదో ఒకటి మానడం ఆయన గుణం. ఏది మానాలో మీ గుణకారం చెబుతుంది."

"శభాష్! గెలిచావు!" అని మాస్టారు ఊరుకుంటే బాగుండేది. నాలుగుతో వేశాడు, అయిదు మాయం. అయిదుతో వేశాడు, నాలుగు మాయం. ఆనందంలో అమ్మాయిని పిలవడమే మర్చిపోయాడు.

"అన్నయ్యా, పెళ్ళి ఆ సంఖ్యకా, మన పిల్లకా?" అని మేనత్త కేకేసింది.

పిలుపు కోసం చూసి చూసి నంక్యా తనే బయటికొచ్చింది. తండ్రి ముందు మోకరిల్లింది.

"నాన్నా, తొమ్మిదితో వేసి ముగించండి."

మాస్టారు వేశాడు. బల్లనిండా ఒకట్లే, తొమ్మిది, బారులు తీరి.

ముగలుల ఆచారం మరిచి నవ్వేశాడు. దీని మీద ఒక చమత్కారం విసురుదామని సాలోంగో నోరు తెరిచాడు. ఆడవాళ్ళ హర్షధ్వానాల్లో అది ఎవరికీ వినపడలేదు.