ఎడమ చుట్టు

నేను టీ తాగి షెడ్డుకొచ్చేసరికి ఏసుపాదం బాబాయి నేల మీద పడి ఉన్నాడు. కుడిచెయ్యి నలిగిపోయింది, మూడు వేళ్ళు పక్కకి వాలిపోయాయి. పక్కనే వీల్ స్పానర్ పట్టుకుని హర్ష నిలబడ్డాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఏం జరిగిందని అడగలేదు. ఎడమచేతివాటం నాది, ఆ చేతికి జాకీ రాడ్డు అందింది. హర్ష నెత్తి మీద ఒక్కటిచ్చాను. నెత్తురు అతని తెల్లచొక్కా మీదికి కారింది.

"ఆగరా చంద్రరావ్!" అని అరిచారు హర్ష తండ్రి శ్రీనివాసరాజుగారు. ఆయన వెనకాల, ట్రాక్టరుకి తాడు కట్టి లాక్కొచ్చిన అంబాసిడర్ ఉంది. ఆయన నాన్నగారు కొన్న బండి, అరవై నాలుగు మోడలు. ఇంజిన్ని చల్లబరిచే పాత వాటర్ పంపుకి సామాను దొరక్కపోతే నాలుగు రోజుల క్రితం మేమే కరెంటు పంపు పెట్టాం. బిగించింది బాబాయి, వైరింగు నాది.

"ఇందులో మా అమ్మని ద్రాక్షారామం తీసుకెళ్తుంటే దారిలో ఇంజిన్ మరిగిపోయింది. బానెట్ ఎత్తగానే, పక్కన నిలబడ్డ ఆవిడ మీదికే హోసు పగిలింది. ఆవిడ మొహం, మెడ ఉడికిపోయాయిరా. బతుకుతుందో లేదో డాక్టరు చెప్పట్లేదు. తప్పెవరిదో ఇప్పుడే తేల్చు. మీదైతే ఈ ముసలాడికి రెండో చెయ్యి కూడా ఉండదు. బండి చూసుకునే మావాడిదైతే వాడి చెయ్యి నేనే విరుస్తా."

బాబాయికి మిగిలింది ఆ ఒక్క చెయ్యే. రొయ్యల చెరువుల మీద, నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరేటర్ మోటార్లు బాగుచేసుకుంటూ తిరిగే నన్ను తణుకు తీసుకొచ్చి, ఆరేళ్ళుగా పని నేర్పి అన్నం పెట్టిన మనిషి. నాకు భయం వేసింది.

కొత్త హోసు వేసి నీళ్ళు పోశాను. ఫ్యూజు బాగానే ఉంది. టెస్ట్ ల్యాంపు వెలిగింది, అంటే పంపుకి కరెంటు అందుతోంది. స్విచ్చి వేస్తే పంపు గుయ్యిమంటూ తిరుగుతోంది కూడా. మరి బండి ఎందుకు మరిగినట్టు? హోసు ఒక కొన పీకి బకెట్లో పెట్టాను. ధార కట్టి దూకాల్సిన నీళ్ళు ముక్కు కారినట్టు కారాయి. పంపు వెనక్కి తిరుగుతోంది! వంగి తీగలు చూశాను. అతుకు మీది టేపు చుట్టుకి ఇవతల ఎర్రతీగ, అవతల నల్లతీగ.

"తీగలు మార్చేశారండీ!" అని ఎగిరాను. "నేను ఎర్రదానికి ఎర్రదే కలిపానండి. ఏరేటర్ వెనక్కి తిరిగితే రెండు తీగలు అటూ ఇటూ మార్చేది చెరువులోళ్ళేనండి. పంపు మోత నచ్చక మీ అబ్బాయిగారే మార్చుంటారు. మీ రొయ్యల చెరువులు చూసేది ఆయనేగా!"

"నేను ముట్టుకోలేదు నాన్నగారూ. అమ్మతోడు," అన్నాడు హర్ష.

రాజుగారు వినలేదు. కొడుకు చేతిలో స్పానర్ లాక్కుని, అతని కుడిచెయ్యి మడ్‌గార్డు మీదికి ఈడ్చి, ఒక్కటే దెబ్బ వేశారు. ఎముక విరిగిన చప్పుడు షెడ్డంతా వినిపించింది. హర్ష అరుస్తూ కూలబడ్డాడు. అబద్ధమెందుకు, నాకు మహా సంతోషమేసింది.

తీగలు సరిచేద్దామని టేపు లాగాను, రాలేదు. అందరూ టేపుని కుడివైపుకి చుడతారు. ఇది ఎడమవైపుకి తిరిగి ఉంది. అంటుకున్నది అంటుకున్నట్టే ఉంది, ఎవరూ విప్పిన జాడ లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. పంపు పెట్టిన సాయంత్రం మొదటిసారి స్విచ్చి వేస్తే పంపు బరువుగా మూలిగింది. లోపల గాలి చిక్కిందేమోనని చూడాల్సింది పోయి, చెరువుల మీద అలవాటు కొద్దీ రెండు తీగలూ మార్చాను. మూలుగు తగ్గింది. హమ్మయ్య అనుకుని టేపు చుట్టేసి ఇంటికెళ్ళిపోయాను. గురివింద గింజకి తన కింద నలుపు కనపడదంటారు, నా గురించే అన్నారు.

తలెత్తితే బాబాయి నన్నే చూస్తున్నాడు. విరిగిన చెయ్యి గుండెకి ఆనించుకుని నెమ్మదిగా అన్నాడు, "మాట్లాడకుండా చుట్టెయ్యరా."

ఆయనకి ముందే తెలుసు. నా చుట్టు ఆరేళ్ళుగా చూస్తున్నవాడు. వేళ్ళు విరుగుతున్నా నా పేరు చెప్పలేదు. నాకు ఏడుపొచ్చింది. నా మీద నాకే అసహ్యమేసింది.

హర్ష నెత్తురు పడిన చోటే, మడ్‌గార్డు మీద నా ఎడమచెయ్యి పెట్టాను.

"రాజుగారండీ, ఈ చుట్టు నాదండి. తీగలు మార్చింది నేనేనండి. మీ అబ్బాయిగారు ముట్టుకోలేదు."

రాజుగారు కొడుకు వంక చూశారు. స్పానర్ ఆయన చేతిలోంచి జారి కింద పడింది. హర్ష పళ్ళు బిగించి లేచి, దాన్ని ఎడమచేత్తో అందుకున్నాడు.

"చెయ్యి తియ్యకు," అన్నాడు.

తియ్యలేదు.