అంచున కూర్చునే వంతు

తీగ మీది బట్టలు తీస్తూ భర్త స్వెటర్ దగ్గరికొచ్చేసరికి ఆమె ఆగిపోయింది. దాని చేతికి బొప్పాయికాయంత తేనెటీగల గుంపు వేలాడుతోంది.

"ఇన్ని బట్టలుండగా నా స్వెటరే దొరికిందా వీటికి?" కిటికీలోంచి వాపోయాడు భర్త.

"ఉతికింది నేను కదా, శుభ్రంగా ఉందని వచ్చుంటాయి," అంది.

వెనకవీధిలో తేనెటీగలు పెంచే పెద్దావిడ వచ్చి గుంపును చెక్కపెట్టెలోకి దులిపి, పెట్టెను వాళ్ళ పెరట్లోనే పెట్టింది. "చలి ముంచుకొచ్చే వేళ పుట్టిల్లు వదిలొచ్చాయి పిచ్చితల్లులు. తేనె దాచుకుందామంటే పూలేవి? లోపల పొడి చక్కెర పెట్టు, పెట్టెకి దుప్పటి చుట్టు. పైనున్న ఈ కంత మాత్రం మూయకు, ఆవిరి పోవాలి. తడిస్తే చచ్చిపోతాయి," అంది. "ముద్దగా చేరి వెచ్చబెట్టుకుంటాయమ్మా. అంచునున్నవి చల్లబడితే లోపలికి దూరతాయి, లోపలివి అంచుకొస్తాయి. వంతులు."

ఆ చివరి మాట ఆమెను వదల్లేదు. ఇంట్లో హీటర్ ముందు భర్తకీ, అత్తగారికీ, కూతురికీ కుర్చీలున్నాయి. ఆమెది వంటింటి గుమ్మం పక్కన, తలుపు సందులోంచి చలిగాలి కొట్టేచోట. "నువ్వెలాగూ లేస్తూ కూర్చుంటూ ఉంటావు కదమ్మా, అక్కడైతే నీకు వీలు," అన్నారు అత్తగారు పెళ్ళయిన కొత్తలో. ప్రేమగానే అన్నారు, అదే వచ్చిన చిక్కు. తిట్టి ఉంటే ఎదురు చెప్పేది. అప్పట్నుంచీ మంచినీళ్ళూ మందులూ టీలూ, ఎక్కడో మరిచిపోయిన కళ్ళజోళ్ళూ అన్నీ ఆమె ఆ కుర్చీలోంచి లేచి వెళ్తేనే వచ్చేవి.

చలి బాగా ముదిరిన ఒక పొద్దున చూస్తే పెట్టె పైకంత టేపుతో మూసి ఉంది. "నేనే అంటించాను, పాపం వణుకుతాయని," అన్నాడు భర్త, మెచ్చుకుంటుందని ఎదురుచూస్తూ. ఆమె టేపు పీకేసింది. కంత చుట్టూ నీటి చుక్కలు. పెట్టె ద్వారం దగ్గర చచ్చిన ఈగలు. పెట్టెకు చెవి ఆనిస్తే చప్పుడు లేదు. వేలితో తట్టింది. లోపల్నుంచి సన్నగా, విసుక్కున్నట్టు ఝుమ్మన్నాయి. ఆమెకు ఏడుపొచ్చేసింది.

"మంచికే కదా చేశాను," అన్నాడతను ముఖం చిన్నబుచ్చుకుని.

"తెలుసు. ఒక్కమాట అడగాల్సింది."

"ఎవర్ని, ఈగల్నా?"

"నన్ను."

ఆ సాయంత్రం అందరికీ టీ ఇచ్చి, తన కప్పుతో వెళ్ళి భర్త కుర్చీలో కూర్చుంది.

"మరి నేను?" అన్నాడతను.

ఆమె గుమ్మం వైపు గడ్డంతో చూపించింది. నవ్వుతూనే వెళ్ళి కూర్చున్నాడు. ఇంతలో అత్తగారు, "నా కళ్ళజోడెక్కడ పెట్టానో," అన్నారు. అలవాటుగా అందరూ ఆమె వైపే తిరిగారు. ఆమె హీటర్ వైపు కాళ్ళు చాపుకుంది.

"ఇప్పుడు అంచు వంతు మీ అబ్బాయిది, అత్తయ్యా."

అతను లేచి కళ్ళజోడు వెతికి తెచ్చిచ్చాడు. మళ్ళీ కూర్చున్న కాసేపటికే భుజాలు ముడుచుకుని, "ఇదేంటి, ఇక్కడింత చలా?" అన్నాడు, ఆ ఇంట్లోనే పుట్టి పెరిగిన మనిషి.