సందు లేని పెట్టె

అత్తగారు తన పనిని ఒక్కసారి కూడా మెచ్చుకోలేదన్నది వడ్రంగి ఫిర్యాదు. ఇరవై ఆరేళ్ల కిందట, పెళ్లయిన కొత్తలో, తిండీ తిప్పలూ మానుకుని పదిరోజులు కష్టపడి మంచం చేశాడు. ఆవిడ వచ్చి అంచున కూర్చుంది. అటోసారి, ఇటోసారి కదిలింది. "కిర్రుమంటోంది అల్లుడూ" అని లేచిపోయింది. అంతే. ఆ తర్వాత ఆ కిర్రు ఇంకెవరికీ వినిపించలేదు. అతనికి మాత్రం పక్కకి ఒత్తిగిల్లిన ప్రతిసారీ వినిపిస్తూనే ఉంది. ఐదో తరగతితో బడి మానేసినవాడికి చేతిపనే డిగ్రీ. ఆ డిగ్రీ మీద ఆవిడ ఎర్రసిరాతో గీత గీసిందని అతని కడుపుమంట.

అలాంటి అత్తగారు ఒక సోమవారం పొద్దున్నే బండి దిగింది. ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో నోటికి గుడ్డ కట్టిన పాత పెయింటు బకెట్టు.

"అందులో ఏముందండీ?" అన్నాడు వడ్రంగి.

"మావాళ్లు" అంటూ ఆవిడ గుడ్డ విప్పింది. నల్లటి మట్టి. అందులో గులాబీరంగు దారాలు మెలికలు తిరుగుతున్నాయి.

అతను రెండడుగులు వెనక్కి వేశాడు. "వానపాములా!"

"కరవవులే నాయనా. నీకన్నా నెమ్మదస్తులు."

ఆవిడ ఇరవై రెండేళ్లు ఒక మొక్కల నర్సరీలో పనిచేసింది. ఆ స్థలంలో ఏదో పెద్ద కొట్టు కడుతున్నారని నర్సరీ ఎత్తేశారు. వెళ్లిపోయే రోజున యజమాని పనివాళ్లందరినీ నచ్చిన మొక్క తీసుకోమన్నాడట. ఈవిడ మాత్రం ఎరువుగుంటలోంచి ఒక బకెట్టు వానపాముల్ని అడిగింది. కూతురు ఎన్నేళ్లుగానో వచ్చి ఉండమ్మా అని పోరుతోంది. ఊరికే కూర్చుని తినే ఇంట్లో ఈ చేతుల్ని ఏం చేసుకోనే అని ఆవిడ దాటేస్తూ వచ్చింది. ఇప్పుడు వచ్చింది గాని, ఒక షరతు మీద వచ్చింది.

"ఇవి ఇక్కడ బతికితే నేనూ ఇక్కడే ఉంటాను. లేదంటే నెలాఖరుకి నా గదికి నేను పోతాను. గది ఇంకా వదల్లేదు, తాళం నా దగ్గరే ఉంది. మొహమాటాలేం వద్దు" అంది.

నెలాఖరు వచ్చే వారం శుక్రవారం.

"ఉంటే ఉండమను, పోతే పొమ్మను. నాకేం?" అన్నాడు వడ్రంగి పెళ్లాంతో. అన్నాడు గాని, ఆ మధ్యాహ్నం షెడ్డులో పలక చిత్రిక పడుతుంటే వంటింట్లోంచి పకపకా నవ్వు వినిపించింది. పెళ్లాం నవ్వు. అలాంటి నవ్వు ఒకటి తన ఇంట్లో ఉందన్న సంగతే అతను మరిచిపోయాడు. చిత్రిక ఆపి, నవ్వు ఆగేదాకా విన్నాడు.

సాయంత్రం అత్తగారు షెడ్డు గుమ్మంలో నిలబడింది. "బకెట్టులో వేడెక్కిపోతున్నాయి అల్లుడూ. నాలుగు పలకలు కొట్టి ఓ పెట్టె ఇవ్వు. జానెడున్నర లోతుంటే చాలు."

నాలుగు పలకలట! కొట్టడమట! వడ్రంగికి ఒళ్లు మండింది. ఈసారి ఆవిడ భూతద్దం పెట్టి వెతికినా వంక దొరక్కూడదనుకున్నాడు. దాచుకున్న పాత తలుపు చెక్కలు దించాడు. పలకల చివర్లని పళ్లు పళ్లుగా కోసి, రెండు చేతుల వేళ్లూ పెనవేసినట్టు ఒకదాంట్లో ఒకటి దిగ్గొట్టాడు. వెంట్రుకవాసి సందు కనిపించిన చోటల్లా రంపపు పొట్టుని జిగురుతో కలిపి మెత్తాడు. లోపలా బయటా రెండేసి పూతలు వార్నిష్ వేశాడు. పెట్టె నిండా నీళ్లు పోసి గంట సేపు కూర్చున్నాడు. కింద పరిచిన కాగితం తడవలేదు. మూత పైనుంచి వదిలితే దబ్బున పడలేదు. లోపలి గాలికి బయటపడే దారి లేక, లావుపాటి మనిషి కుర్చీలో కూలబడినట్టు, ఉస్సురంటూ మెల్లగా దిగింది. మూడు రోజులు పట్టింది. అంత బిగువైన పెట్టె తన జన్మలో చేయలేదు.

గురువారం సాయంత్రం తల్లీ కూతుళ్లు అత్తగారి కొత్త కళ్లజోడు తెచ్చుకోడానికి వెళ్లారు. వాళ్లు వచ్చేసరికి పని పూర్తిచేసి ఆవిడ నోరు మూయించాలని వడ్రంగికి బుద్ధి పుట్టింది. కింద తడి కాగితాలు పరవాలని ఆవిడ అనగా విన్నాడు. పాత పేపర్లు కట్టలకి కట్టలు నీళ్లలో ముంచి, కారుతుండగానే పెట్టెలో పేర్చాడు. వానపాముల్ని వాటి మీద గుమ్మరించి మూత వేశాడు. ఉస్సురంది. చెవికి ఎంత హాయిగా ఉందో!

మర్నాడు పొద్దున ఆవిణ్ణి షెడ్డుకి పిలిచి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. అత్తగారు పెట్టె మీద అరచెయ్యి ఆనించి చివరిదాకా నిమిరింది. "నునుపుగా ఉంది" అంది. వడ్రంగి ఛాతీ అంగుళం పెరిగింది. ఆవిడ మూత పట్టుకుని లాగింది. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగితే సీసా బిరడా ఊడినట్టు చప్పుడైంది. వార్నిష్ వాసన గుప్పుమంది. వానపాములన్నీ మూత అడుగున ఒకే ముద్దగా వేలాడుతున్నాయి. కింద, నిలిచిన నీళ్లలో, కొన్ని కదలడం లేదు.

"అల్లుడూ, ఇందులోకి గాలి ఎటునుంచి వస్తుంది?"

"రాకుండానే కదండీ చేసింది!" అన్నాడు వడ్రంగి గర్వంగా.

"నీళ్లు ఎటు పోతాయి?"

"చుక్క పోదు. నాదీ..." పూచీ అనబోయాడు. అప్పుడు అతని చూపు కదలని వానపాముల మీద పడింది.

ఆవిడ తిట్టినా బాగుండేది. కొత్త కళ్లజోడు సర్దుకుని, బతికున్నవాటిని ఒక్కొక్కటే అరచేతిలోకి తీసుకుని మళ్లీ బకెట్టులోకి దించింది. మూడోవంతు పోయాయి. లోపలికి వెళ్లి బట్టలు మడతపెట్టి సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టింది. వంటింట్లో గిన్నెల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆ చప్పుడు వడ్రంగికి ముల్లులా గుచ్చుకుంది.

డ్రిల్లు పట్టుకుని ఆవిడ గది గుమ్మంలో నిలబడ్డాడు. "ఎన్ని చిల్లులు?"

"వద్దులే నాయనా. అంత కష్టపడి చేసుకున్నావు. పాడైపోతుంది."

"పాడవనివ్వండి. ఎన్ని?"

ఆవిడ చేతిలోని చీర మడత ఆగింది. "అడుగున ఇరవై. పక్కలకి పైవరసన ఇంకో ఇరవై. పెన్సిలు లావు."

ఒక్కో చిల్లు పడుతుంటే తన పన్ను తనే పీక్కున్నట్టుంది వడ్రంగికి. అయినా అలవాటు మానలేక మూలమట్టం పెట్టి, గీతలు గీసి, అంగుళాలు కొలిచి మరీ వేస్తున్నాడు. అత్తగారు వెనకనుంచి చూసి, "ఏం అల్లుడూ, అవి కొలబద్ద పట్టుకుని లోపలికొస్తాయా?" అంది. పెళ్లాం కిసుక్కుమంది. వడ్రంగి మొహం మాడ్చుకుని తర్వాతి చిల్లుని ఇంకా జాగ్రత్తగా కొలిచాడు. ఆ మీదట లోపలి వార్నిష్ అంతా గరుకు కాగితంతో గీకి, వాసన పోయేదాకా రెండు రోజులు ఎండలో పెట్టాడు. బకెట్టుకి తడి గోనె చుట్టి, గంట గంటకీ నీళ్లు చిలకరించాడు. ఎవరూ చెప్పకుండానే.

ఆదివారం ముగ్గురూ షెడ్డులో కూర్చున్నారు. అత్తగారు స్టూలు మీద, మిగతా ఇద్దరూ నేల మీద, మధ్యలో పాత పేపర్ల గుట్ట.

"నిగనిగలాడే కాగితాలు పక్కన పడెయ్యండి. మామూలువి వేలెడు వెడల్పు చీలికలుగా చింపండి. అట్టపెట్టెలు కూడా."

వడ్రంగి పెద్దమనుషుల ఫొటోలున్న పేజీలన్నీ తన వైపు లాక్కున్నాడు. ఒక్కొక్కరినీ నెత్తి నుంచి మొదలుపెట్టి నిదానంగా చింపాడు. పేపరు చేతపట్టి ఇంత సంతోషపడడం అదే మొదలు.

చింపినవి తడిపాక ఆవిడ అంది: "పిడికిట్లో పట్టి పిండండి. ధార కారితే నీళ్లు ఎక్కువ. ఏమీ రాలకపోతే తక్కువ. రెండు చుక్కలు రాలాలి, అంతే."

వడ్రంగి పిండితే ఒక్క చుక్కా రాలలేదు. కాగితం రాయిలా బిగుసుకుంది. పెళ్లాం పిండితే మోచేతి దాకా ధార.

"మీ కాపురం కూడా ఇలాగే నడుస్తోందా ఏం?" అంది అత్తగారు.

"అమ్మా!" అని ఆమె తడి కాగితం తల్లి మీదికి విసిరింది. అది వచ్చి వడ్రంగి చెవికి అతుక్కుంది. ముగ్గురూ నవ్వారు. వడ్రంగి కూడా.

పిండిన కాగితాన్ని దూది ఏకినట్టు పొడిపొడిగా విడదీసి పెట్టెలో జానెడెత్తు నింపారు. కుండీలోంచి రెండు గుప్పిళ్ల పాత మట్టి చల్లారు. "వాటికి పళ్లుండవు. ఈ ఇసుక రేణువులే కడుపులో తిరగలి" అంది ఆవిడ. గుడ్డు పెంకులు నలిపి వేశారు. ఒక మూల గుప్పెడు కూరగాయ తొక్కులు పాతిపెట్టారు. చివరికి వానపాముల్ని పైన వదిలారు. ఎవరూ తొయ్యలేదు. వెలుతురు గిట్టక, దారి తెలిసినట్టు, ఒక్కొక్కటే కాగితాల్లోకి జారిపోయాయి. చివరిదాని తోక మాయమయ్యేదాకా వడ్రంగి ఊపిరి బిగబట్టి చూశాడు.

"ఇప్పుడు వీటికి చోటు కావాలి. ఎండ తగలకూడదు, జల్లు పడకూడదు" అంటూ అత్తగారు షెడ్డు గోడలని అరచేత్తో తడుముకుంటూ నడిచి, వెనకమూల ఆగింది. "ఇదిగో. చల్లగా ఉంది."

అది వడ్రంగి పాలిష్ మూల. దుమ్ము పడని చోటు అదొక్కటే. పెళ్లాన్ని కూడా అక్కడ చీపురు పెట్టనివ్వడు.

"అది తప్ప ఎక్కడైనా" అన్నాడు.

"నీ షెడ్డు, నీ ఇష్టం నాయనా. కాకపోతే ఇంకెక్కడ పెట్టినా ఎండకి ఉడికిపోతాయి. ఆ డబ్బాల వాసన కూడా పనికిరాదు." ఆవిడ గోడ మీది కేలెండరు వైపు చూసింది. పెళ్లాం కూడా చూసింది.

వడ్రంగి గొణుక్కుంటూ లేచాడు. పాలిష్ డబ్బాలు, కుంచెలు, గుడ్డపీలికలు, అన్నీ తనే మోసుకెళ్లి వాకిట్లో రేకు పంచలో పెట్టాడు. పెట్టెని నాలుగు ఇటుకల మీద నిలబెట్టి, పైన తడి గోనె కప్పాడు.

అప్పటినుంచి కాలుగాలిన పిల్లిలా దాని చుట్టూనే తిరిగాడు. బుధవారం పొద్దున గోనె ఎత్తి, "తినండమ్మా, రెండు రోజులే ఉంది" అంటుంటే పెళ్లానికి దొరికిపోయాడు.

"ఎవరితోనండీ మాటలు?"

"ఎవరితోనూ కాదు. చెక్క ఉబ్బిందేమోనని చూస్తున్నా."

శుక్రవారం వచ్చింది. సంచి ఇంకా గుమ్మం పక్కనే ఉంది. అత్తగారు కళ్లజోడు పెట్టుకుని కాగితాలని వేళ్లతో పక్కకి తొలగించింది. తొక్కులు పాతిన మూల నల్లగా మెత్తబడింది. అక్కడ వానపాములు జడలా అల్లుకుని ఉన్నాయి. వాటి మధ్య, ఆవగింజ కన్నా కాస్త పెద్దవి, నిమ్మపండు ఆకారంలో పసుపుపచ్చ గింజలు.

"ఏంటండీ అవి, విత్తనాలా?" వడ్రంగి గొంతు తగ్గించి అడిగాడు.

"గుడ్లు. ఒక్కోదాంట్లోంచి రెండేసి మూడేసి పిల్లలొస్తాయి."

"అంటే... చోటు నచ్చినట్టేనా?"

"నచ్చని ఇంట్లో ఎవరైనా సంసారం పెడతారా?" అంటూ ఆవిడ చెయ్యి తుడుచుకుని ఫోను తీసింది. అవతల గది యజమాని. "తాళం పంపిస్తానయ్యా. గది ఎవరికైనా ఇచ్చుకో. ఆఁ, మా అల్లుడింట్లోనే. లేదు లేదు, తిరిగి రావడమేం లేదు."

పెళ్లాం ఆ సంచిని చంకన పెట్టుకుని లోపలికి పరుగెత్తింది. వంటింట్లోంచి వచ్చిన నవ్వుకి షెడ్డు రేకులు అదిరాయి.

అప్పటినుంచి వడ్రంగి వాకిట్లో, దుమ్ములో, కుర్చీలకి పాలిష్ పెడుతున్నాడు. ఈగ వాలితే తుడిచి మళ్లీ పెడుతున్నాడు. ఎవరు వచ్చినా ముందు లోపలికి తీసుకెళ్లి, గోనె ఎత్తి, గుడ్లు చూపిస్తాడు. బయటికి వచ్చాక తనకి జరిగిన అన్యాయం చెప్పుకుంటాడు. పోయింది అంతా ఇంతా కాదట. టేపు పెట్టి కొలిచానంటాడు: నాలుగడుగుల రెండంగుళాల పొడవు, మూడడుగుల వెడల్పు. వెరసి పన్నెండున్నర చదరపు అడుగులు, షెడ్డు మొత్తంలో చల్లగా ఉండే వైపు.