కాళ్లు లేని అద్దెవాళ్లు

అదే అంటున్నాను మనవరాలా, మీ అమ్మ అడుక్కోవడానికి వెళ్లలేదు. ఆ ముక్క ముందు రాయి. గది అద్దెకి అడగడానికి వెళ్లింది.

సోమవారం మన పాకలు కూలగొడతామని కాగితం అంటించి పోయారు. వీధి చివర కొత్త భవనంలో నలభై గదులు పేదలకి తక్కువ అద్దెకివ్వాలని షరతు. ఆ షరతు చూపించే యజమాని సర్కారు స్థలం కొట్టేశాడు. ఆ నలభై గదుల్లోనూ బండలు పరిచింది మీ అమ్మే.

మేనేజరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని అడిగాడు.

"ఇంట్లో ఎంతమంది?"

"ముగ్గురం. మా మామ, నా కూతురు, నేను."

"ముసలాయన దగ్గుతాడా?"

"దగ్గుతాడు. మీ యజమాని దగ్గడా?"

"నోరెక్కువే! పేదలకి కట్టామంటే పేదవాళ్లే వచ్చేస్తే ఎలా? అన్నీ నిండిపోయాయి. ఇదిగో జాబితా. ఆఫీసరుగారు స్వయంగా చూసి సంతకం పెట్టారు."

చూశారట! ఆయన చూసిందల్లా కూర్చున్న కుర్చీ, ఎదురుగా పెట్టిన చల్లటి గ్లాసు.

మీ అమ్మ మెట్లెక్కింది. గడియ తీసి మొదటి తలుపు తోసింది. బండలకి మరక పడకుండా పని చివర్లో తను పరిచిన ప్లాస్టిక్ పట్టా అలాగే ఉంది. దాని మీద సున్నపు దుమ్ములో తన పాదాల ముద్రలే. రెండో గదీ అంతే. మూడోదీ అంతే.

కిందికి దిగి, గదుల కోసం బారులు తీరిన జనమంతా వినేలా అంది.

"చూశానయ్యా మీ అద్దెవాళ్లని. పాపం, ఒక్కరికీ కాళ్లు లేవు! నేల మీద అడుగు పడకుండానే కాపురాలు చేసేస్తున్నారు."

జనం గొల్లుమన్నారు. "దెయ్యాలకి ఇళ్లిచ్చి మనుషుల్ని వీధిలో పెడతాడా!" అన్నాడు ఇస్త్రీ చేసే ఆయన.

"ఇంకో దరఖాస్తు పెట్టి చూద్దాం" అని నసిగాడు ఆటో డ్రైవరు.

"పెట్టు నాయనా" అంది ఆసుపత్రి ఆయా. "నువ్వు పెట్టిన దరఖాస్తులు పేర్చుకుంటే ఈపాటికి ఓ ఇల్లు లేచేది."

సోమవారం పొద్దున్నే, వానలో, పక్కబట్టలు నెత్తిన పెట్టుకుని నలభై కుటుంబాలు ఆ గుమ్మం ముందు నిలబడ్డాయి. యజమాని కారు దిగలేదు. బూట్లకి బురద అంటుతుందిగా! అద్దం నాలుగు వేళ్లు దించి, "ఎవర్రా మీ నాయకుడు?" అన్నాడు.

"నేనే. బండలు పరిచినదాన్ని. వాటి మీద మొదట నడిచేదీ నేనే."

ఆ ఒక్క అడుగూ వేయనివ్వలేదు పోలీసులు. మీ అమ్మని వ్యానెక్కించారు. చేతిలో తాపీని మారణాయుధమని రాసుకున్నారు, సిగ్గులేని మొహాలు!

వ్యాను కదిలాక ఏమైందో మీ అమ్మకి తెలీదు. అందుకే ఇదంతా రాయించడం. ఒక్కడూ వెనక్కి పోలేదు. పోలీసులు తేరుకునేలోపే ఆయా ముందు నడిచి లోపలికి దారి తీసింది. దరఖాస్తుల డ్రైవరే ఆ ప్లాస్టిక్ పట్టాలన్నీ లాగి గుమ్మం బయట పారేశాడు. "ఎవర్రా మీరు?" అని పోలీసులు తలుపు తలుపూ బాదితే, ప్రతి గదిలోంచీ ఒకటే జవాబు.

"జాబితాలో ఉన్నవాళ్లమే. ఇప్పుడే కాళ్లొచ్చాయి!"

నీళ్లు ఆపేశారు. కరెంటు తీసేశారు. ఆరు రోజులైంది. ఎవరూ దిగలేదు.

రేపు జైలుకి చూడ్డానికి వెళ్లినప్పుడు ఇది మీ అమ్మకి నెమ్మదిగా చదివి వినిపించు. తను అద్దంలా తుడిచి వచ్చిన నలభై గదుల నిండా ఇప్పుడు బురద కాళ్లేనని ముందే చెప్పు. తిడుతుందిలే. వచ్చి తిట్టమను.