ఎగువ కెల్‌గార్త్ మాథ్యూ

1978 అక్టోబరు పద్నాలుగు, శనివారం. ఆ సాయంత్రం హ్యామ్ ముక్కలు, వెనిగర్‌లో ఊరిన బీట్‌రూట్, వెన్న రాసిన రొట్టె తిన్నాం. చివర్లో ఎండుద్రాక్ష కేకు, దాని మీద చీజ్ ముక్క. మా అల్లుడు కీత్ లండన్ వైపు వాడు. కేకు మీద చీజ్ ఏమిటని మొదట మొహం చిట్లించాడు, తర్వాత అడిగి మరీ రెండోసారి వేయించుకున్నాడు. ఎంత దిగులులోనూ ఆకలి చచ్చిపోని మనుషులు పక్కనుంటే నాకు కొంచెం ధైర్యంగా ఉంటుంది.

అది యార్క్‌షైర్ కొండలోయలో ఒక ప్రార్థన మందిరం వెనక గది. నాలాంటి, కీత్ లాంటి అల్లుళ్లూ కొందరు కోడళ్లూ తప్ప, అక్కడ చేరినవాళ్లందరిదీ ఒకటే ఇంటిపేరు. కెల్‌గార్త్. ఎనిడ్‌ని పెళ్లాడేదాకా నేను ఆ పేరు విననే లేదు. కెల్డ్ అంటే ఆ కొండల్లో ఊట. గార్త్ అంటే చుట్టూ రాతిగోడ కట్టిన దొడ్డి. ఎన్ని వందల ఏళ్ల కిందటో ఊట పక్కన దొడ్డి కట్టుకుని గొర్రెలు మేపుకున్న ఒకాయన సంతానం, గది నిండా కూర్చుని టీ తాగుతోంది.

ఎనిడ్ పోయి అప్పటికి పదేళ్లు దాటింది. రొమ్ములో గడ్డ వచ్చి, నలభై రెండు నిండకుండా పోయింది. తన పుట్టింటిపేరు వాళ్ల జాతరకి ఆమె లేకుండా నేను రావడం నాకే విడ్డూరంగా ఉంది. సరదాకైతే రాను. ఒక్క సంగతి తెలుసుకోవడానికి వచ్చాం.

ఆ వసంతంలో మా అమ్మాయి ఫ్రీడా, తగ్గని దగ్గుకని ఒక కుర్ర డాక్టరు దగ్గరికి వెళ్లింది. తల్లి గురించి అడుగుతూ ఆయన ఆమె పుట్టింటిపేరు కూడా అడిగాడు. చెప్పగానే రాస్తున్న చెయ్యి ఆగిపోయింది. ఏ కెల్‌గార్త్‌లు, ఆ లోయవాళ్లా అన్నాడు. తర్వాత ఏమీ లేదని ఎంత సర్దుకున్నా ఫ్రీడా వదల్లేదు. చివరికి చెప్పించుకుంది.

ఆ ఇంటిపేరుతో పాటు ఒక జబ్బు కూడా తరతరాలుగా దిగి వస్తోంది. నలభై అయిదు దాటాక చేతులు వాటంతటవే కదలడం మొదలెడతాయి. తర్వాత కాళ్లు చెప్పినమాట వినవు. ఆ తర్వాత మనసు. లోయలో దాన్ని కెల్‌గార్త్ నడక అంటారు. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకు రావడం బొమ్మా బొరుసూ లాంటిది. నాది మందుల షాపు. దానికి మందు లేదని నాకు తెలుసు. వస్తుందో రాదో ముందుగా చెప్పే పరీక్ష కూడా ఆ రోజుల్లో లేదు. పెద్దవాళ్లకు వచ్చిందా లేదా అని వెనక్కి చూసుకోవడమే పరీక్ష.

మాకు వెనక్కి చూసుకున్నా ఏమీ కనపడలేదు. ఎనిడ్ నలభై రెండు చూడలేదు. వాళ్ల నాన్న విల్ఫ్ యుద్ధంలో ఓడతో పాటు మునిగిపోయాడు, ముప్పై ఆరేళ్లకు. విల్ఫ్ తండ్రి మాథ్యూ రాతి క్వారీలో బండ విరిగిపడి పోయాడు, అంతకంటే చిన్నవయసులో. ఆ జబ్బు రావడానికి తగినంత వయసు వాళ్లలో ఎవరికీ దక్కలేదు.

ఫ్రీడాకు అప్పుడు ముప్పై. పిల్లలు కావాలని ఇద్దరికీ ఎంతో ఆశ. డాక్టరు మాట విన్నాక ఆ ఊసే మానేశారు. కప్పు సాసర్లో పెట్టేటప్పుడు చప్పుడైతే చాలు, ఫ్రీడా తన చేతినే చూసుకుంటూ ఉండిపోయేది. నేను చూశానని తెలిస్తే నవ్వేది. ఆ నవ్వు చూడలేక నేను ఏదో ఒక పని కల్పించుకుని వంటింట్లోకి వెళ్లేవాణ్ని.

కెల్‌గార్త్‌లలో రెండు శాఖలున్నాయని తర్వాత తెలిసింది. దిగువ దొడ్డి వాళ్లకు ఆ జబ్బు లేదు. ఎగువ దొడ్డి వాళ్లకు ఉంది. ఎనిడ్‌వాళ్లు ఎటువైపో తేలితే చాలు. దిగువ అయితే పిల్లల్ని కనడం, ఎగువ అయితే ఆ మాట ఇక ఎత్తకపోవడం. కార్లో వస్తూ ఇద్దరూ నాకు వినపడేలాగే ఆ ఒప్పందం చేసుకున్నారు.

తేల్చవలసినవాడు ఎవార్ట్ కెల్‌గార్త్, రిటైరైన భూగోళం మాస్టారు. టెలిఫోన్ డైరెక్టరీలన్నీ గాలించి, దేశంలో ఉన్న కెల్‌గార్త్‌లందరినీ పట్టుకున్నాడు. గోడకి పెద్ద మ్యాపు తగిలించి ఇంటికో సూది గుచ్చాడు. జబ్బున్న ఇళ్లకు ఎర్రది, లేనివాళ్లకు తెల్లది. లోయలో చీమల్లా కమ్ముకున్నాయి సూదులు. అక్కడినుంచి డరమ్ బొగ్గు గనుల వైపు ఒక వరస సాగింది. ఆ గనుల్లో పని పలచబడ్డప్పుడు కెంట్‌లో కొత్త గనులు తెరిచారు, అందుకని అక్కడొక చిన్న గుంపు. లండన్‌లో ఒంటరిగా ఒక పళ్ల డాక్టరు. ఆయన తనకీ ఈ కొండలకీ ఏ సంబంధమూ లేదని జవాబు రాశాడట. ఎవార్ట్ ఆయన వంశం కూడా దొడ్డి గుమ్మం దాకా లాక్కొచ్చి వదిలిపెట్టాడు.

"కెల్‌గార్త్ అన్నవాడు ఎక్కడున్నా ఈ రెండు దొడ్లలో ఒకదాంట్లోంచి వచ్చినవాడే" అన్నాడు ఎవార్ట్ మాతో. "ఒక్కడు కూడా తప్పిపోలేదు."

ఫ్రీడా తాత పేరూ ముత్తాత పేరూ చెప్పింది. మాథ్యూ అనగానే ఎవార్ట్ తల ఊపాడు. ఈ మందిరంలోనే పెళ్లయింది, ఎగువ దొడ్డి, అంటే ఎగువ కెల్‌గార్త్, నుంచి వచ్చి చేసుకున్నాడు, అందులో అనుమానం లేదన్నాడు. ఆ మాట మాకు ఎలాంటి కబురో ఆ పెద్దమనిషికి తెలియదు. మ్యాపులో మా ఊరు డార్లింగ్టన్ మీద ఖాళీ కనపడుతోందని ఇన్నాళ్లూ బాధపడ్డవాడు కాబోలు, సంతోషంగా ఎర్రసూది తీసి అక్కడ గుచ్చాడు.

ఫ్రీడా ఆయనకి థాంక్స్ చెప్పింది. కుర్చీ చప్పుడు కాకుండా వెనక్కి జరిపి, గాలి కోసమన్నట్టు బయటికి వెళ్లింది. కీత్ తన కోటు పట్టుకుని వెనకే వెళ్లాడు. నేను కేకు ప్లేటు పక్కకి జరిపాను.

బల్ల చివర, పొయ్యి పక్కన, ఆ రోజు అందరూ పెద్దపీట వేసిన హెప్జీ అత్త కూర్చుని ఉంది. తొంభై దాటిన మనిషి. ఎగువ దొడ్డిలో పుట్టి, పెళ్లి లేకుండా అక్కడే ముసలిదైంది. తండ్రినీ అన్ననీ ఆ జబ్బుకే పోగొట్టుకుంది. తను మాత్రం తప్పించుకుంది. కర్రతో నా కాలు తట్టి, అలా లేచి బయటికి వెళ్లిన పిల్ల ఎవరని అడిగింది. ఎవరి కూతురో, ఎవరి మునిమనవరాలో చెప్పాను. ఎందుకు వచ్చామో కూడా చెప్పేశాను. ఆ ముఖం చూస్తూ దాచడం నాచేత కాలేదు.

హెప్జీ అత్త కప్పు కింద పెట్టింది.

"ఎవార్ట్, ఆ సూది తియ్యి."

"ఏ సూది అత్తా?"

"ఇప్పుడు గుచ్చావే, ఆ ఎర్రది. ముందు ఆ పిల్లని లోపలికి పిలవండి. చలిలో నిలబెట్టి చెప్పే మాట కాదు. రెండుసార్లు చెప్పే ఓపికా లేదు నాకు."

నేనే వెళ్లి పిలుచుకొచ్చాను. ఫ్రీడా భుజాల మీద కీత్ కోటు ఉంది. ముక్కు ఎర్రబడి ఉంది. హెప్జీ అత్త ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టుకుంది.

"మాథ్యూ మాకు పుట్టినవాడు కాదు తల్లీ. మా నాన్న సండర్లాండ్ నించి తెచ్చాడు, కొత్త పొట్టేలుతో పాటు బండెక్కించి. నాకు తొమ్మిది, వాడికి పదకొండు. దారి పొడుగునా ఆ పొట్టేలు వాణ్ని కుమ్ముతూనే ఉందట. ఏడుస్తూ దిగాడు. మా అమ్మ తిట్టింది వాణ్ని కాదు, మా నాన్నని."

మిగతాది ఆమె తాపీగా, మధ్యమధ్య టీ తాగుతూ చెప్పింది. మాథ్యూ తండ్రి ఓడలో వంటవాడు. తల్లీ తండ్రీ ఒకే జ్వరంతో, ఒకే వారంలో పోయారు. దిక్కులేని పిల్లల్ని పొలాల మీదికి పనికి పంపే రోజులవి. ఉన్ని అమ్మడానికి వెళ్లిన హెప్జీ తండ్రి వీణ్ని వెంటబెట్టుకొచ్చాడు. లోయలో ఇంటిపేరుతో ఎవరినీ పిలవరు. సగం మందిది ఒకటే పేరయ్యాక పిలిచి లాభమేముంది? ఏ దొడ్డిలో ఉంటే ఆ దొడ్డివాడే. అలా వాడు ఎగువ కెల్‌గార్త్ మాథ్యూ అయ్యాడు. పెళ్లినాడు, ఊరికి కొత్తగా వచ్చిన పాదిరి పూర్తి పేరు చెప్పమంటే, వాడు అదే చెప్పాడు. చెప్పి, ముందు వరసలో కూర్చున్న హెప్జీ తల్లి వైపు చూశాడు. ఆవిడ తల ఊపింది.

కీత్ గొంతు సర్దుకున్నాడు. అడగాలా వద్దా అని తటపటాయిస్తున్నాడని నాకు అర్థమైంది. హెప్జీ అత్తకి కూడా అర్థమైంది.

"అడుగు నాయనా. మా నాన్నకి సండర్లాండ్‌లో ఎవరన్నా ఆడమనిషి ఉందా అనేగా? అడగాల్సిందే, పెళ్లాం గురించి కదా. ఆయన ఆ ఊరెళ్లడం అదే మొదలు, అదే ఆఖరు. సముద్రం చూసి కళ్లు తిరిగాయన్నాడు. పైగా మాథ్యూకి వాళ్ల నాన్న బాగా జ్ఞాపకం. ఆయన ఓడలో పాడే పాటలన్నీ వీడూ పాడేవాడు. మా అమ్మ చెవులు మూసుకునేది."

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు అత్తా అన్నాడు ఎవార్ట్. ఆ గొంతులో కోపం లేదు, కొంచెం నొచ్చుకున్నాడంతే.

"ఆ పేరు వాడికి మా అమ్మ ఇచ్చిందిరా. ఇచ్చినదాన్ని వెనక్కి లాక్కుంటామా? వాడు మీవాడు కాదుగా అని పొరుగువాళ్లు ఒకసారి అంటే, చీపురు తీసుకుని గేటు దాకా తరిమింది. ఈ పిల్ల ఏడుపు చూడకపోతే ఇవాళ్టికీ చెప్పేదాన్ని కాదు."

ఎవార్ట్ పెన్సిలు తీశాడు. "వాడి అసలు ఇంటిపేరు గుర్తుందా?"

"గుర్తులేకేం. స్మిత్."

గదిలో ఎవరో గట్టిగా నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. కెల్‌గార్త్‌ల కోసం ఎవార్ట్ గాలించిన ప్రతి డైరెక్టరీలోనూ స్మిత్‌లు పేజీలకు పేజీలు ఉండి ఉంటారు. ఆయన స్మిత్ అని మెల్లగా తనలో తనే అనుకుని, స్మిత్‌లకు సూదులు గుచ్చితే ఇంగ్లండు కనపడదు అన్నాడు. నవ్వుతూనే ఉన్నాడు, కాని మ్యాపు వైపు చూడలేకపోయాడు.

ఫ్రీడా నవ్వలేదు. ముసలావిడ భుజం మీద తల పెట్టి కాసేపు అలాగే ఉంది. లేచాక ఎవార్ట్ దగ్గరికి వెళ్లింది. ఆయన పీకిన సూది వేళ్ల మధ్య పట్టుకుని ఏం చెయ్యాలో తోచక నిలబడి ఉన్నాడు. ఇంకో రంగుది ఏమన్నా ఉందా అని అడిగింది. ఆయన డబ్బా అడుగునంతా వెతికి ఆకుపచ్చది తీశాడు. డార్లింగ్టన్ మీద దాన్ని ఆమే గుచ్చింది. హెప్జీ అత్త కళ్లు చికిలించి అంత దూరం నుంచీ చూసి, బాగుందంది.

మాకు దక్కిన ఊరట ఆ గదిలో అందరిదీ కాదు. టీ పోస్తూ తిరుగుతున్న ఆంబ్రోస్ ఎగువ దొడ్డి వాడు, హెప్జీ అన్నకి మనవడు. నలభై దాటాడు. కెటిల్‌ని రెండు చేతులతోనూ పట్టుకుని నడుస్తున్నాడు. అది బరువుకో, జాగ్రత్తకో, మరి దేనికో నేను అడగలేదు. అతన్ని చూసి ఫ్రీడా సంతోషపడడానికి సిగ్గుపడింది. అతను ఆమె దగ్గర ఆగాడు.

"స్మిత్ గారూ, ఇంకో కప్పు?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఒక్కరైనా బయటపడ్డారు. నాకు నిజంగా సంతోషంగా ఉందమ్మా. నిండుగా తాగు" అన్నాడు.

ఆ మాట అతనికి ఎంత కష్టమైందో నాకు తెలియదు. మొహంలో మాత్రం కష్టం లేదు. ఆ రోజు నాకు దొరికిన దయల్లో అది పెద్దది.

బయల్దేరేసరికి లోయలో పొగమంచు దిగింది. కీత్ దారి పొడుగునా ఓడ పాటలు పాడాడు. ఒక్కటీ అతనికి సరిగ్గా రాదు. వెనక సీట్లో ఫ్రీడా, మాథ్యూ స్మిత్ ముక్కు ఎలా ఉండేదో అని ఊహిస్తూ వచ్చింది. మంచు మరీ చిక్కబడడంతో వాళ్లింటికి పోకుండా ఆ రాత్రికి నా దగ్గరే ఆగారు. రొట్టె కాల్చుకుని తిన్నాం. ఎనిడ్ గురించి చాలా మాట్లాడుకున్నాం. ఎన్నాళ్లకో ఆమె గురించి భయం లేకుండా మాట్లాడుకున్నాం. వాళ్ల తాత స్మిత్ అని ఎనిడ్‌కి తెలిస్తే ఏమనేదో అని కీత్ అడిగితే, పడీ పడీ నవ్వేదన్నాను. అది నిజం.

ఇద్దరూ గుడ్‌నైట్ చెప్పి పైకి వెళ్లారు. నేను కప్పులు కడుగుతూ ఉన్నాను. మెట్ల మీద ఫ్రీడా ఏదో అంది, కీత్ తగ్గుస్వరంతో నవ్వాడు, ఆమె ఇంకా తగ్గుస్వరంతో నవ్వింది. కప్పులు ఇంకా మిగిలి ఉన్నాయి. వాటిని పొద్దున కడుక్కోవచ్చుననుకుని నీళ్లు కట్టేశాను. మెట్ల వైపు ఉన్న వంటింటి తలుపు దగ్గరికి వెళ్లి, గడియ చప్పుడు కాకుండా వేలితో పట్టుకుని, మెల్లగా మూశాను.